జీపు పోయేదాకా

మా ఊరి బడికి ఇద్దరు సార్లు. ఒకాయన జీతం తీసుకునే సారు, ఇంకొకాయన పాఠం చెప్పే సారు. పాఠం చెప్పే సారు మా ఆయన సర్దార్. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. నవ్వనీ, నాకేం పోయింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని పెద్దలు ఊరికే అనలేదు.

జీతం తీసుకునే సారు పేరు రఘుపతి. గవర్నమెంటు ఆయన్ను మా తుమ్మలకుంటకు వేసింది. ఆయన కాపురం షాద్‌నగర్‌లో. అక్కడ ఆయనకు ప్లాట్ల బేరాలు, చిట్టీలు. షాద్‌నగర్ నుంచి జడ్చర్లకు ఒక బస్సు, జడ్చర్ల నుంచి మా రోడ్డుకు ఇంకో బస్సు, రోడ్డు మీద దిగాక ఊళ్లోకి రాళ్లల్లో నడక. మొదట్లో కొన్నాళ్లు వచ్చాడు. తర్వాత మోకాళ్ల నొప్పులన్నాడు. ఆ తర్వాత ఆయన కన్ను మా ఆయన మీద పడింది.

మాది దూదేకుల ఇల్లు. మా మామ చలికాలం వస్తే వింటిని భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆ ధూళి పీల్చీ పీల్చీ దగ్గుతో పోయాడు. తన కొడుకు ఊపిరితిత్తుల్లోకి ఆ ధూళి పోకూడదని హాస్టల్లో పెట్టి పది దాకా చదివించాడు. మా ఊళ్లో అప్పటికి పది పాసైన వాడు మా ఆయనొక్కడే. పాసై ఏం చేయాలో మాత్రం మా మామకూ తెలియదు, ఆయనకూ తెలియదు. నౌకరీ రాలేదు. కూలికి పోతే పది చదివినోడు పార పట్టిండని నలుగురూ బుగ్గలు నొక్కుకుంటారు. అట్లా ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న మనిషి భుజం మీద ఒకరోజు రఘుపతి సారు చెయ్యి వేశాడు.

"ఖాళీగ ఎందుకుంటవ్ సర్దారూ? నా బదులు పిల్లలకు నాలుగు అక్షరాలు చెప్పరాదా? నెలకు ఇంత అని నేనే ఇస్త. ఆఫీసుల మనోళ్లున్నరు. రేపు పోస్టులు పడితే నీ పేరు నేను చెప్త గద."

ఆ మాట పట్టుకుని మా ఆయన బడికి పోయాడు. నేను పెళ్లై వచ్చేనాటికే పోతున్నాడు. బిడ్డ పుట్టింది, బిడ్డ బడికి పోయే ఈడుకు వచ్చింది, ఆయన ఇంకా పోతూనే ఉన్నాడు. రఘుపతి సారు ఇచ్చేది ఆయన జీతంలో పదోవంతు కూడా కాదు. అదీ ఒక నెల ఇస్తే ఒక నెల మరిచిపోయేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, మా ఇంట్లో చాకిరీ ఒకరిది, జీతం ఒకరిది.

ఊరికి ఇదంతా తెలియదా అంటే తెలుసు. చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ చుట్టుపక్కల ఊళ్లల్లో బళ్లకు తాళాలు వేలాడుతుంటే మా బడిలోంచి పొద్దున్నే ఎక్కాలు వినపడేవి. గుడ్డి కన్నా మెల్ల నయం అనుకున్నారు. కోతలప్పుడు ఇంటింటివాళ్లూ ఇన్ని జొన్నలు మా గుమ్మంలో పోసేవాళ్లు. గొర్రెల పెద్దులు తన మనవడికి చదవడం వచ్చిన ఏడు మా ఆయనకు కొత్త గొంగడి కప్పాడు. గొర్లకాపరి గొంగడి ఇచ్చాడంటే చిన్న మర్యాద కాదు.

బడి అంటే ఒక్క గది. వాన వస్తే పిల్లల్ని గోడ వెంట నిలబెట్టి పాఠం చెప్పేవాడు. బోర్డుకు రంగు కావాలంటే నేను పొయ్యిలో బొగ్గు ఏరి నూరి ఇచ్చేదాన్ని, ఆయన ఆకు పసరులో కలిపి పూసేవాడు. సున్నానికి, చాక్‌పీసులకు, చాపలకు గవర్నమెంటు ఏవో పైసలు ఇచ్చేదట. వాటికి సంతకం రఘుపతి సారుది, బొగ్గు మాది. ఒకసారి పెద్ద ఇనుపపెట్టె నిండా సామాను కూడా వచ్చింది. పటాలు, బొమ్మలు, తిరిగే భూగోళం. పగిలితే జీతంలో కోస్తారని రఘుపతి సారు ఆ పెట్టెను షాద్‌నగర్‌కు తీసుకుపోయి తన ఇంట్లో తాళం వేసి పెట్టుకున్నాడు. మా ఆయన ఉల్లిగడ్డ చేతిలో పట్టుకుని భూమి ఇట్లా ఉంటుందని చెప్పాడు. ఆ ఉల్లిగడ్డ నేను కూరలోకి దాచుకున్నది.

ఏడాదికి ఒకసారో, రెండుసార్లో బడి చూడ్డానికి ఆఫీసర్లు జీపులో వచ్చేవాళ్లు. వాళ్లు వస్తున్నట్టు రఘుపతి సారుకు ముందే తెలిసేది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకే దిగి కుర్చీలో కూర్చునేవాడు. మా ఆయన కుర్చీ దిగి బిందె పట్టుకునేవాడు. బడికి నీళ్లు తెచ్చే మనిషిలాగా వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఊరి పెద్దవాళ్లు నోరు మూసుకునేవాళ్లు. భయమంతా పిల్లలతోనే. పిల్లలు ఉన్నది ఉన్నట్టు అనేస్తారు.

అందుకని మా ఆయన వాళ్లకు ఆ పాఠం కూడా చెప్పాడు. ఆటలాగా చెప్పాడు. తువ్వాలును టై లాగా మెడకు ముడేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆఫీసరులాగా గుమ్మంలోంచి నడిచి వచ్చేవాడు. పిల్లలు పకపకా నవ్వుతూ లేచి నిలబడేవాళ్లు.

"మీ సారు పేరేంది?"

"రఘుపతి సారు."

"దినాం వస్తడా?"

"దినాం వస్తడు సార్."

"మరి గా బిందె పట్టుకున్నాయన ఎవరు?"

"నీళ్లు తెచ్చే సర్దారు సార్."

తడబడకుండా చెప్పిన వాళ్లకు పల్లీలు. మా గులాబ్‌బీకి ప్రతిసారీ పిడికెడు దొరికేవి. మా అత్త పేరే దానికి పెట్టుకున్నాం. ఒక్కతే బిడ్డ, బడిలో అందరికన్నా చురుకు. దానికి ఇంకో పాఠం కూడా ఉంది. మిగతా రోజుల్లో బడిలో తండ్రిని సార్ అనాలి. జీపు వచ్చిన రోజు ఏమీ అనకూడదు, ఆయన దిక్కు చూడకూడదు, దగ్గరికి పోకూడదు.

"జీపు పోయేదాకా బాపూ అనొద్దు బిడ్డా. పోయినంక ఎన్నిసార్లన్న అను."

నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు రొట్టెలు చేస్తూ అనేశాను. "కన్నతండ్రిని నీళ్లు మోసేటోడని చెప్పేటందుకు బడికి తోలాల్నా? ఇంట్ల ఉంటే గా ముక్క నేనే నేర్పుతుంటి గద."

"జీపు ఉన్నంతసేపే గదనే తాహేరా."

"జీపు పోయినంక మాత్రం నువ్వేం కలెక్టరువా?"

ఆయన నవ్వి రొట్టె తుంచుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. నాకున్న నోట్లో సగం ఆయనకు ఉన్నా మా బతుకు ఇట్లా ఉండేది కాదు.

మా గులాబ్‌బీ నాలుగో తరగతిలో ఉన్న ఏడు ఒకరోజు మారయ్య డప్పు కొట్టుకుంటూ వాడవాడా తిరిగాడు. మంగళవారం మన ఊరికి ఆఫీసర్లు వస్తున్నరు, సార్లు సరిగ లేని ఊళ్లల్ల ఊరి పిలగాండ్లనే బడికి సార్లుగ పెట్టుకుంటరంట, పది చదివినోళ్ల పేర్లు రాసుకుంటరంట, అని చాటాడు. ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని తినలేదు. నౌకరీలకు వయసు దాటిపోతున్నది. ఇంకో ఏడు పోతే గవర్నమెంటు ఏ పనికీ ఆయన్ను తీసుకోదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట మాత్రం మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

"గిదే నా ఆఖరు తాప," అన్నాడు.

"అయితే పొయ్యి అడుగు."

"నేనెట్ల అడుగుత? రఘుపతి సారు మాటిచ్చిండు. సారే చెప్తడు."

ఆ మాటకు నేను పళ్లెం ఎత్తి లోపల పెట్టేశాను.

నాకు తర్వాత బక్కమ్మ చెప్పింది. మా వాడలో అందరికీ పెద్ద దిక్కు బక్కమ్మ. ఆ వారమే పెద్దులు, బక్కమ్మ, ఇంకో నలుగురు కలిసి మాట్లాడుకున్నారట. రఘుపతి నోరు తెరవడు, సర్దార్ నోరు తెరవలేడు, మనమే తెరవాలి అనుకున్నారు. సర్దార్‌కు ముందే చెబితే వద్దని కాళ్లు పట్టుకుంటాడు కాబట్టి చెప్పొద్దనుకున్నారు. నాకు చెబితే ఆయనకు చెప్పినట్టే కాబట్టి నాకూ చెప్పలేదు. ఎవరు లేచి మాట్లాడాలి, ఎవరు వంత పాడాలి, ఆఫీసరుకు దండ ఎవరు వేయాలి, ఛాయ్ ఎవరింటి నుంచి రావాలి, అన్నీ అనుకున్నారు. పిల్లలకు చెప్పాలన్న సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. పెద్దల మీటింగులో పిల్లలతో పనేముంటుందనుకున్నారు.

మంగళవారం పంచాయతీ ఆఫీసు ముందు శామియానా వేశారు. రఘుపతి సారు పొద్దున్నే దిగి బడిలో కుర్చీ ఎక్కాడు. మా ఆయన పది సర్టిఫికెట్టును చొక్కా లోపల పెట్టుకుని, చేతికి బిందె తీసుకుని బడికే పోయాడు. నేను ఆడవాళ్లలో నిలబడ్డాను. వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదు. కుర్చీలో వెనక్కి వాలలేదు, ముసలివాళ్లను కూర్చోమన్నాడు, చెప్పింది విన్నాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం రాదు. అదే నా బాధ.

"ఈ ఊరికి పంతులు ఉన్నాడు కదా, మీకేం ఇబ్బంది?" అని అడిగాడు.

పెద్దులు గొంగడి సర్దుకుని లేచాడు. "ఉన్నడు సారూ. పేరుకున్నడు. ఆయన షాద్‌నగర్‌ల ఉంటడు. మా పోరగాండ్లకు చదువు చెప్పేది దూదేకుల సర్దారు. ఎండనక వాననక చెప్పిండు. నా మనుమడు బస్సు బోర్డు చదువుతడు సారూ. మా ఇంట్ల పుట్టినోళ్లల్ల అచ్చరం తెలిసినోడు వాడొక్కడే. గీ కొత్త నౌకరీ ఏదో సర్దారుకు ఇయ్యున్రి. మేం ఇంకేమడుగం."

"అవు సారూ, నిజం," అని బక్కమ్మ అంది. మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ అందుకున్నారు. నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఇన్నేళ్లకు మా ఆయన పేరు పదిమందిలో ఒక ఆఫీసరు ముందు వినపడింది. సర్దార్ సారు అని నా పక్కనున్న ఆమె అంటుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "ఇది చిన్న మాట కాదు. ఒక పంతులు నౌకరీకి సంబంధించింది. మీరంతా ఒక మాట అనుకుని వచ్చారేమో నాకు తెలియదు. పదండి, బడికే పోదాం. పిల్లల్ని అడుగుదాం. పిల్లలు అబద్ధమాడరు," అన్నాడు.

అప్పుడు పెద్దులు ముఖం చూశాను. ఆ మనిషికి అప్పుడు తట్టింది. పక్కనున్న పిలగాడిని ఉరుకుమన్నట్టు సైగ చేశాడు. ఆఫీసరు అప్పటికే జీపు ఎక్కాడు. జీపు కన్నా ముందు ఎవరు ఉరుకుతారు.

మేము బడి దగ్గరికి చేరేసరికి అంతా నేర్పినట్టే ఉంది. రఘుపతి సారు నిలబడి దండం పెడుతున్నాడు. మా ఆయన బిందె చేత్తో పట్టుకుని వెనక గోడ దగ్గర ఉన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. ఊరు ఊరంతా గుమ్మంలోకి ఎందుకొచ్చిందా అని చూస్తున్నాడు. ఆఫీసరు ముందు వరుసలో కూర్చున్న గులాబ్‌బీని లేపి పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. అది గలగలా చదివింది. బోర్డు మీద భాగహారం ఇస్తే చేసింది.

"శభాష్. ఎవరమ్మా నీకు ఇంత బాగా చెప్పింది?"

"రఘుపతి సారు సార్."

"రోజూ వస్తారా?"

"దినాం వస్తడు సార్."

గుమ్మంలోంచి బక్కమ్మ "అగో, బిడ్డా" అనబోతే ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. వేలితో వెనక గోడ దిక్కు చూపించాడు. "మరి ఆయనెవరు?"

నా బిడ్డ తలకాయ తిప్పి కూడా చూడలేదు. చూడొద్దని కదా నేర్పింది. "నీళ్లు తెచ్చే సర్దారు సార్," అంది. మిగతా పిల్లలు కూడా అడగకుండానే ఒక్క గొంతుతో అన్నారు. పెద్దులు మనవడి గొంతు అందరికన్నా పైన వినపడింది. బస్సు బోర్డు చదివేవాడే.

పెద్దులు ఉండబట్టలేక లోపలికి వచ్చాడు. "సారూ, పోరగాండ్లకు గట్ల చెప్పుమని నేర్పిచ్చిన్రు సారూ."

"ఎవరు నేర్పించారు?"

పెద్దులు అటూ ఇటూ చూశాడు. అబద్ధం చెప్పడం ఆయనకూ చేత కాలేదు. "సర్దారే నేర్పిండు," అన్నాడు.

"అంటే పిల్లలకు అబద్ధాలు నేర్పే మనిషిని పంతుల్ని చేయమంటున్నారా మీరు?"

రఘుపతి సారు నేల చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. మాటిచ్చిన మనిషి కదా. అనలేదు. ఆయనకూ పిల్లలున్నారు, ప్లాట్లున్నాయి, నౌకరీ ఉంది. ఉన్నవాడికే పోగొట్టుకునే భయం.

ఆఫీసరు మా ఆయన దగ్గరికి నడిచాడు. "నువ్వు చెప్పవయ్యా. నిజం చెప్పు. నువ్వెవరు?"

చొక్కా లోపల సర్టిఫికెట్టు ఉంది. గుండె దగ్గరే ఉంది. తీసి చూపించు, నోరు తెరువు, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అని నేను గుమ్మంలో లోలోపల మొత్తుకుంటున్నాను. ఆయన నా దిక్కు చూడలేదు. గులాబ్‌బీ దిక్కు చూశాడు. అది చేతులు కట్టుకుని, కనురెప్ప వాల్చకుండా బోర్డు మీదే కళ్లు పెట్టి నిలబడి ఉంది.

"పిల్లలు అబద్ధం చెప్పలే సారూ," అన్నాడు. "నీళ్లు తెస్త."

ఆఫీసరు రఘుపతి సారు భుజం తట్టాడు. పిల్లలు చాలా బాగా చదువుతున్నారని మెచ్చుకున్నాడు. ఈ ఊరికి రోజూ వచ్చే పంతులు ఉన్నాడు, ఇక్కడికి వేరే మనిషి అక్కర్లేదని పక్కనున్న గుమాస్తాకు చెప్పాడు. ఊరి రాజకీయాల్లోకి బడిని లాగొద్దని మాకు మెత్తగానే బుద్ధి చెప్పాడు. తెచ్చిన ఛాయ్ తాగకుండా జీపు ఎక్కాడు.

జీపు మలుపు తిరిగి దుమ్ము అణిగేదాకా పిల్లలెవరూ కదలలేదు. అణిగాక గులాబ్‌బీ పరుగెత్తుకుని వచ్చి తండ్రి కాళ్లను చుట్టుకుంది.

"బాపూ, మంచిగ చెప్పిన్నా?"

"మంచిగ చెప్పినవ్ బిడ్డా."

"ఒక్కసారన్న నీ దిక్కు చూడలె."

"చూసిన. ఒక్కసారి గూడ చూడలె నువ్వు," అని ఆయన జేబులో పల్లీల కోసం వెతుక్కున్నాడు. ఆ రోజు తెచ్చుకోలేదు.

ఇంటికి పోయాక ఆయన్ను నానా మాటలూ అన్నాను. నోరెందుకు పడిపోయిందన్నాను. అన్నీ విని ఒక్క మాటే అన్నాడు. "నేను కాదంటే బిడ్డ అందరి ముంగట అబద్ధాలకోరు అవుతుండె. నేర్పింది నేను. అదెందుకు కావాలె?" నేను లేచి అన్నం పెట్టాను.

రఘుపతి సారు భయపడిపోయాడు. ఇగ నువ్వు బడి దిక్కు రాకు సర్దారూ, నా నౌకరీకి మోసమొస్తది అన్నాడు. తనూ రాలేదు. ఎండాకాలం దాటకముందే షాద్‌నగర్ పక్కకు బదిలీ చేయించుకున్నాడు. ఆయన జాగాలో ఎవరినీ వేయలేదు. పెద్దులు జడ్చర్ల ఆఫీసుకు పోయి మళ్లీ అడిగితే, పిల్లలకు అబద్ధాలు నేర్పిన మనిషి పేరు మాత్రం ఎత్తొద్దన్నారట. బడికి తాళం పడింది. పెద్దులు మనవడు మందతో అమ్రాబాద్ అడవుల దిక్కు పోయాడు. మా ఆయనకు వయసు దాటిపోయింది. ఆ ఏడు చలికాలం వాళ్ల నాయిన విల్లు దించి నారి బిగించి చూశాడు. ఊళ్లల్లో అందరూ బజారు పరుపులు కొంటున్నారు, దూది ఏకించే వాళ్లు లేరు.

మేము ముగ్గురం మేస్త్రీ వెంట కాలువ పనికి పోయాం. ఆయన తవ్వితే నేనూ గులాబ్‌బీ మట్టి తట్టలు మోశాం. ఒకరోజు ఇంజనీరు జీపు గట్టు మీదికి వచ్చి ఆగింది. ఇంజనీరు దిగి ఊరికే పలకరించినట్టు, మీ నాయన ఎవరు పాపా అని గులాబ్‌బీని అడిగాడు. దాని తండ్రి దాని పక్కనే పార పట్టుకుని ఉన్నాడు. అది తట్ట కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఆయన దిక్కు చూడకుండా ఇంత దూరం జరిగి నిలబడింది. ఇంజనీరు రెండోసారి అడిగినా నోరు మెదపలేదు. జీపు కాలువ గట్టు దిగి కనపడకుండా పోయాకే దగ్గరికి వచ్చి బాపూ అంది.